గుంజకు చుట్టిన తాడు, అందులో ఘర్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

డిప్లొమా విద్యార్థులకు బెల్టు డ్రైవుల పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ అవే సందేహాలు దాదాపు అవే మాటల్లో వస్తుంటాయి. తరగతి బయట వైరింగ్ పనివారు, పడవల మీద పనిచేసేవారు, లిఫ్టు మెకానిక్కులు అడిగేవి కూడా చివరికి అక్కడికే చేరతాయి. ఏ ప్రశ్న ముందు చదివినా జవాబు దానంతట అదే అర్థమయ్యేలా వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. బలాలను వాడుకలో ఉన్నట్టే కిలోల్లో చెప్పాను. న్యూటన్లు కావలసినవారు 9.81తో గుణించుకోవాలి.

## మొదట్లో వచ్చే సందేహాలు

బెదిరిన ఎద్దును ఒక్క మనిషి ఆపలేడు కదా, పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పగానే ఎలా ఆగుతుంది?

ఎద్దు లాగే బలాన్ని అప్పుడు మోసేది మనిషి కాదు, గుంజ. తాడు బిగిసేకొద్దీ గుంజను నొక్కుతుంది, నొక్కేకొద్దీ ఘర్షణ పెరుగుతుంది, ఆ ఘర్షణ ఎద్దు బలాన్ని చుట్టు పొడవునా కొద్దికొద్దిగా తినేస్తూ వస్తుంది. తాడుకూ కొయ్యకూ మధ్య ఘర్షణ గుణకం (నొక్కే బలంలో ఎంత వంతు ఘర్షణగా మారుతుందో చెప్పే సంఖ్య) 0.3 అనుకుంటే రెండు నిండు చుట్లు బలాన్ని 43వ వంతుకు దించుతాయి. ఎద్దు 400 కిలోల బలంతో గుంజినా, రెండో చివర పట్టుకున్న మనిషి చేతికి తగిలేది పది కిలోల లోపే. ఎద్దు ఒక అడుగు ముందుకు వచ్చినప్పుడల్లా అతను వదులైన తాడును లాక్కుంటూ పోతాడు, అది మళ్ళీ వెనక్కి గుంజినా తాడు జారదు. అయితే మిగిలిన బలమంతా గుంజ మీద పడుతుంది కాబట్టి, గుంజ నేలలో ఎంత లోతుగా దిగి ఉందో ముందే చూసుకోవాలి.

ఒక చుట్టుకు ఆరు రెట్లయితే రెండు చుట్లకు పన్నెండు రెట్లే కదా?

కాదు, ఇక్కడ కూడిక లేదు, గుణకారమే ఉంది. మొదటి చుట్టు దాటాక తాడులో ఉన్న బలమే రెండో చుట్టుకు మొదటి బలం అవుతుంది కాబట్టి, ప్రతి చుట్టూ తన ముందున్నదాన్ని అన్నే రెట్లు చేస్తుంది. ఘర్షణ గుణకం 0.3 అయితే అర చుట్టుకు 2.57 రెట్లు, ఒక చుట్టుకు 6.6, రెండింటికి 43, మూడింటికి 286, నాలుగింటికి దాదాపు 1,880 రెట్లు వస్తాయి. ఈ పాఠంలో గుర్తుపెట్టుకోదగ్గ విషయం ఒక్కటే అడిగితే నేను దీన్నే చెబుతాను.

లావాటి స్తంభానికి చుడితే తాడు ఎక్కువ మేర ఆనుతుంది కాబట్టి పట్టు పెరగాలి కదా?

వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ పెరగదు. స్తంభం రెట్టింపు లావైతే తాడు ఆనే పొడవు రెట్టింపు అవుతుంది, నిజమే. అదే సమయంలో తాడు వంపు తక్కువవుతుంది కాబట్టి, ప్రతి అంగుళం మీదా అది నొక్కే బలం సగమవుతుంది. ఒకటి పెరిగి మరొకటి అంతే తగ్గడంతో మొత్తం ఘర్షణలో తేడా ఉండదు, అందుకే ఈ రెట్లను లెక్కగట్టే సూత్రంలో వ్యాసార్థం అసలు కనిపించదు. లావు స్తంభం వల్ల కలిగే మేలు వేరే ఉంది: తాడు మరీ చిన్న వంపులో విరగకుండా ఎక్కువ కాలం మన్నుతుంది.

ఈ సూత్రాన్ని ఎవరు కనుగొన్నారు?

స్విట్జర్లాండ్‌లో పుట్టిన గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్. ఘర్షణపై ఆయన రాసిన వ్యాసం 1769లో బెర్లిన్ అకాడమీ సంపుటంలో అచ్చయింది. తర్వాత జర్మన్ ఇంజినీరు ఐటెల్వైన్ దీన్ని ఇంజినీర్ల వాడుకలోకి తెచ్చాడు. అందుకే కొన్ని పుస్తకాల్లో ఇద్దరి పేర్లూ కలిపి ఉంటాయి, మరికొన్నింటిలో ఓడల మీద తాళ్ళు లాగే యంత్రం పేరుతో క్యాప్‌స్టన్ సూత్రం అని ఉంటుంది.

## సూత్రం, లెక్క

టీ1 ఏది, టీ2 ఏది? నాకు ప్రతిసారీ తారుమారవుతోంది.

టీ1 ఎప్పుడూ బిగువు వైపు బలం, టీ2 వదులు వైపు బలం. టీ1ను టీ2తో భాగిస్తే వచ్చేది 'ఈ' (విలువ 2.718) అనే సంఖ్యకు 'మ్యూ తీటా' (మ్యూ, తీటాల లబ్ధం) ఘాతం. మ్యూ అంటే ఘర్షణ గుణకం, తీటా అంటే తాడు స్తంభాన్ని చుట్టుకున్న కోణం. ఏది బిగువు వైపు అని తేల్చుకోవడానికి ఒకే ప్రశ్న వేసుకోవాలి: తాడు జారితే ఎటువైపు జారుతుంది? ఆ వైపే బిగువు వైపు. బరువును దించుతున్నప్పుడు తాడు బరువు వైపుకు పోతుంది కాబట్టి బరువే టీ1, చెయ్యి టీ2. అదే బరువును పైకి లాగుతున్నప్పుడు తాడు చేతి వైపుకు వస్తుంది కాబట్టి చెయ్యి టీ1 అవుతుంది. బరువు మారలేదు, స్తంభం మారలేదు, పాత్రలు మాత్రం మారాయి. పరీక్షలో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

మా బావి గిలక తుప్పు పట్టి తిరగడం మానేసింది. నీళ్ళు తోడటం ఇంత బరువెందుకయింది?

తిరగని గిలక గిలక కాదు, చాంతాడు అర చుట్టు చుట్టుకున్న ఇనుప దిమ్మ. ఘర్షణ గుణకం 0.3 అయితే ఆ అర చుట్టు బలాన్ని 2.57 రెట్లు చేస్తుంది. నీళ్ళతో కలిపి 15 కిలోలున్న చేదను లాగడానికి 38 కిలోలకు పైగా బలం పెట్టాలి. అదే నిండు చేదను కిందికి దించాలంటే ఆరు కిలోల లోపు బలంతో పట్టుకుంటే చాలు. దించేటప్పుడు హాయిగా ఉండి తోడేటప్పుడు నడుము విరుగుతోందంటే కారణం ఇదే.

గిలక తిరుగుతున్నప్పుడు తాడు గిలక మీద జారదు. జారుడంతా లోపలి ఇరుసు దగ్గరే జరుగుతుంది, ఇరుసు సన్నన కాబట్టి ఆ ఘర్షణ తాడు మీద చూపే ప్రభావం చాలా తక్కువ. రెండు చుక్కల నూనె చేసే మేలు ఇంతటిది. మా చిన్నప్పటి ఇంటి గిలక ఏళ్ళ తరబడి మొరాయించడంతో చాంతాడు దాని మీద బొటనవేలు పట్టేంత గాడి కోసింది. గాడి లోతయ్యేకొద్దీ తాడు దాని రెండు గోడల మధ్య ఇరుక్కుని ఇంకా బిగుసుకునేది. తిరగని గిలక దగ్గర అరుగుదల సమస్యను తగ్గించదు, పెంచుతుంది.

కోణం డిగ్రీల్లో వేస్తే జవాబు ఎందుకు పిచ్చిగా వస్తోంది?

ఈ సూత్రంలో కోణం రేడియన్లలోనే ఉండాలి. అర చుట్టు 3.14 రేడియన్లు, నిండు చుట్టు 6.28. అర చుట్టుకు 180 అని వేసి, మ్యూ 0.3 తీసుకుంటే ఘాతం 54 అవుతుంది, జవాబు 24 అంకెల సంఖ్య వస్తుంది. ఆ లెక్కన ఒక చీమ పట్టుకున్న తాడుకు హిమాలయ శిఖరాన్ని వేలాడదీయవచ్చు. అలాంటి జవాబు పక్కన కూడా ప్రమాణాలు శ్రద్ధగా రాసిన పేపర్లు నేను దిద్దాను.

మా పుస్తకంలో "2.3 లాగ్" అని ఉంది, అది వేరే సూత్రమా?

అదే సూత్రం. 'ఈ' ఆధారంగా ఉన్న సహజ సంవర్గమానాన్ని 10 ఆధారంగా ఉన్న సంవర్గమానంలోకి మార్చితే 2.303 అనే గుణకం వస్తుంది. లాగ్ పట్టికలతో లెక్కలు చేసిన రోజుల నుంచి అది పుస్తకాల్లో అలాగే నిలిచిపోయింది.

కలన గణితం రానివారికి ఈ సూత్రం ఎలా వస్తుందో చెప్పగలరా?

చక్రవడ్డీ తెలిస్తే చాలు. తాడు చుట్టుకున్న నిండు చుట్టును ఒక్కొక్క డిగ్రీ చొప్పున 360 ముక్కలుగా ఊహించుకోండి. ఒక డిగ్రీ అంటే 0.01745 రేడియన్లు. ఒక ముక్కకు రెండు కొసల్లోనూ తాడు లాగుతోంది, ఆ రెండు లాగుళ్ళూ ఒకే గీత మీద లేవు, ఒక డిగ్రీ వంగి ఉన్నాయి. ఆ వంపు వల్లే తాడు స్తంభాన్ని నొక్కుతుంది. నొక్కే బలం తాడులోని బలానికి 0.01745 వంతు. ఘర్షణ గుణకం 0.3 కాబట్టి ఆ ముక్క దగ్గర పుట్టే ఘర్షణ తాడు బలంలో 0.0052 వంతు, అంటే సుమారు అర శాతం.

అంటే ఒక్కో డిగ్రీ దాటినప్పుడల్లా తాడులోని బలం అర శాతం వడ్డీ కలుపుకుంటుంది, తర్వాతి డిగ్రీ దగ్గర ఆ వడ్డీకి కూడా వడ్డీ పడుతుంది. 360 సార్లు ఇలా పెరిగితే అసలు 6.55 రెట్లవుతుంది. ముక్కలను ఇంకా సన్నగా చేస్తూ పోతే 6.59 దగ్గర స్థిరపడుతుంది, సూత్రం చెప్పేదీ అంతే. 'ఈ' అనే సంఖ్య మొదట చక్రవడ్డీ లెక్కల్లోనే ఎదురైందనీ, దానికి ఆ అక్షరాన్ని వాడుకలోకి తెచ్చింది ఆయిలరేననీ గుర్తుచేసుకుంటే ఈ పోలిక అంత దూరపుదేమీ కాదు.

ఘర్షణ గుణకం ఎంత తీసుకోవాలి? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

లెక్కలో ఇస్తే ఇచ్చినంతే తీసుకోవాలి. పనికి కావాలంటే మీ తాడుతో, మీ స్తంభంతోనే కొలవడం మంచిది, ఎందుకంటే తడి, దుమ్ము, నూనె, తాడు అరుగుదల దీన్ని బాగా మారుస్తాయి. కదలని అడ్డ పైపు మీదుగా తాడు వేసి, ఒక చివర కిలో బరువు, రెండో చివర ఖాళీ బాటిల్‌ను కిలో బరువుకు సరితూగేలా నీళ్ళతో నింపి కట్టండి. బాటిల్‌లో కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ, తాడు జారడం మొదలైన క్షణంలో ఆపి, తూకం వేయండి. 2.6 కిలోల దగ్గర జారిందనుకుంటే, 2.6కు సహజ సంవర్గమానం 0.956, దాన్ని 3.14తో భాగిస్తే మ్యూ 0.30 వస్తుంది. నాలుగైదు సార్లు చేసి, భద్రతకు సంబంధించిన పనైతే వాటిలో అతి తక్కువ విలువనే వాడాలి. మ్యూ ఘాతంలో ఉంటుంది కాబట్టి దానిలో చిన్న తప్పు కూడా జవాబులో పెద్దదవుతుంది: మూడు చుట్లకు మ్యూ 0.3 అయితే 286 రెట్లు, 0.2 అయితే 43 రెట్లే.

స్తంభం గుండ్రంగా కాక నలుచదరంగా ఉంటే?

సూత్రానికి కావలసింది తాడు మొత్తం ఎంత కోణం తిరిగిందన్నదే. నాలుగు మూలల దగ్గర 90 డిగ్రీల చొప్పున తిరిగినా మొత్తం 360 డిగ్రీలే కాబట్టి ఆదర్శ లెక్కలో జవాబు మారదు. వాస్తవంలో మూలల దగ్గర నొక్కుడంతా ఒకే గీత మీద పడి తాడు పీచు తెగుతుంది.

## పనిలో ఎదురయ్యేవి

గోడలోని పైపులో వైరు మొదటి రెండు మలుపులు సులువుగా దాటి, నాలుగో మలుపు దగ్గర ఎందుకు కదలదు?

ప్రతి మలుపూ ఒక పావు చుట్టు. ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే ఒక్కో మలుపు లాగే బలాన్ని 1.87 రెట్లు చేస్తుంది. లోపలికి పోయే చోట వైరును కిలో బలం పట్టి ఉంచుతోందనుకుంటే మొదటి మలుపు దాటాక 1.9, రెండోదానికి 3.5, మూడోదానికి 6.6, నాలుగోదానికి 12 కిలోలకు పైగా అవుతుంది. సబ్బు గానీ టాల్కం పౌడరు గానీ రాసి గుణకాన్ని 0.2కు తెస్తే అదే నాలుగు మలుపులకు మూడున్నర కిలోలు చాలు. గుణకం సగమైతే బలం సగం కాదు, వర్గమూలానికి పడిపోతుంది.

ఇంకో మాట. వైరును ఏ వైపు నుంచి లోపలికి పంపాలన్నది చాలామంది పట్టించుకోరు. పైపులో ఒక కొస దగ్గర రెండు మలుపులు, ఆ తర్వాత పొడవాటి తిన్నని భాగం ఉందనుకుందాం. తిన్నని భాగం తన వంతుగా మూడు కిలోలు కలుపుతుంది. మలుపులున్న కొస నుంచి వైరు పంపి రెండో కొస నుంచి లాగితే, కిలో బలం మలుపుల్లో 3.5 అయి, దానికి మూడు కలిసి 6.5 కిలోలవుతుంది. తిన్నని కొస నుంచి పంపితే, ముందు ఒకటికి మూడు కలిసి నాలుగై, ఆ నాలుగు మలుపుల్లో గుణకారానికి లోనై 14 కిలోలవుతుంది. వైరు పంపే కొసకు మలుపులు దగ్గరగా ఉండాలన్న పాత మేస్త్రీల నియమం వెనుక ఉన్న లెక్క ఇదే.

మోటారు బెల్టు జారుతోంది. బిగించడం ఒక్కటే దారా?

బిగిస్తే జారడం తగ్గుతుంది, కానీ బేరింగుల మీద భారం పెరిగి అవి త్వరగా పోతాయి. దానికన్నా ముందు చుట్టు కోణం చూడాలి. చిన్న పుల్లీ మీద బెల్టు సగం కన్నా తక్కువ చుట్టుకుంటుంది కాబట్టి జారుడు అక్కడే మొదలవుతుంది. వదులు వైపున, చిన్న పుల్లీకి దగ్గరగా ఒక నొక్కుడు పుల్లీ పెడితే కోణం పెరుగుతుంది. చదును బెల్టుకు బదులు వీ బెల్టు పెట్టడం అంతకన్నా మేలు: 38 డిగ్రీల గాడిలో బెల్టు ఇరుక్కోవడం వల్ల ఘర్షణ గుణకం మూడు రెట్లయినట్టు పనిచేస్తుంది. అర చుట్టు మీద చదును బెల్టుకు 2.57గా ఉన్న నిష్పత్తి వీ బెల్టుకు 18 వరకు వెళుతుంది.

లిఫ్టు తాళ్ళను పైనున్న చక్రానికి కట్టరని విన్నాను, నిజమేనా? మరి అది ఎలా ఆగుతుంది?

మామూలు ట్రాక్షన్ లిఫ్టులో నిజమే. ఉక్కు తాళ్ళు చక్రం గాడుల మీదుగా వెళ్ళి ఒక వైపు క్యాబిన్‌ను, రెండో వైపు కౌంటర్‌వెయిట్‌ను (క్యాబిన్‌కు ఎదురుగా తూగే బరువును) మోస్తాయి. పట్టంతా ఘర్షణదే. పది మందికి 680 కిలోలు అని పలక ఉన్న లిఫ్టులో ఖాళీ క్యాబిన్ 1,000 కిలోలనుకుంటే, కౌంటర్‌వెయిట్‌ను దానికి సగం లోడు కలిపి 1,340 కిలోలు ఉంచుతారు. నిండుగా ఉన్నప్పుడు నిష్పత్తి 1.25, ఖాళీగా ఉన్నప్పుడు 1.34. వేగం పుంజుకునేటప్పుడు, ఆగేటప్పుడు కొంత పెరిగినా జారకుండా ఉండేలా గాడుల ఆకారం ఎంచుకుంటారు.

ఇందులో నాకు బాగా నచ్చే అంశం వేరు. ఏదైనా లోపం వల్ల మోటారు ఆగకుండా తిరిగి కౌంటర్‌వెయిట్ కింద బఫర్ (తాకిడిని తట్టుకునే దిమ్మ) మీద కూర్చుంటే, ఆ వైపు తాళ్ళలో బలం దాదాపు సున్నా అవుతుంది. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే కాబట్టి చక్రం తాళ్ళ కింద వట్టిగా తిరుగుతుంది తప్ప క్యాబిన్‌ను కప్పుకు కొట్టదు. పట్టు తప్పడమే ఇక్కడ రక్షణ.

ఫ్లైఓవర్ గర్డర్లలో కేబుళ్ళు లాగేటప్పుడు "ఘర్షణ నష్టం" అంటారు, అదీ ఇదేనా?

అదే. వంపు తిరిగిన గొట్టంలోంచి వెళ్ళే కేబుల్‌ను జాకీతో ఒక కొస నుంచి లాగితే అవతలి కొసకు చేరే బలం తగ్గిపోతుంది. గొట్టం అక్కడక్కడ వంకరపోవడం వల్ల కలిగే నష్టానికి ఘాతంలో పొడవును బట్టి మరో పదం కలుపుతారు. ఉదాహరణకు 30 మీటర్ల కేబుల్ మొత్తం 0.4 రేడియన్లు వంగిందని, మ్యూ 0.25, మీటరుకు వంకర గుణకం 0.002 అని తీసుకుంటే, ఘాతం 0.16 వచ్చి దాదాపు 15 శాతం బలం దారిలోనే పోతుంది. పొడవాటి కేబుళ్ళను రెండు కొసల నుంచీ లాగడానికి కారణం ఇదే.

మా సిరిసిల్లలో పాత మరమగ్గం పడుగు దూలానికి తాడు చుట్టి బరువులు వేలాడదీస్తారు. దూలం సన్నబడేకొద్దీ బరువులు ఎందుకు తీయాలి?

ఆ తాడు బ్రేకు. పడుగు నూలు ఒకేసారి వదులై పోకుండా దూలాన్ని పట్టి ఉంచుతుంది. బ్రేకు పట్టు మారకపోయినా, నూలు అయిపోయి దూలం చుట్టుకొలత తగ్గేకొద్దీ నూలు లాగే చోటు ఇరుసుకు దగ్గరవుతుంది, అదే బ్రేకును తిప్పడానికి నూలు మీద ఎక్కువ బిగువు పడుతుంది. బరువులు తగ్గించకపోతే పోగులు తెగుతాయి.

నాలుగంతస్తుల పైనుంచి సిమెంటు బస్తా దించుతుంటే ప్లాస్టిక్ తాడు పైపుకు కరిగి అంటుకుంది. ఎందుకు?

50 కిలోల బస్తాను 12 మీటర్లు మెల్లగా దించితే దాదాపు 5,900 జౌళ్ళ శక్తి విడుదలవుతుంది, అదంతా తాడు పైపును రాసుకునే చోట వేడిగా మారుతుంది. తాడు కదులుతూ తన వంతు వేడిని మోసుకుపోతుంది కానీ పైపు అక్కడే ఉండి కాలుతుంది. మామూలు పాలీప్రొపిలీన్ తాడు సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, నైలాన్ 220 డిగ్రీలు దాటేదాకా తట్టుకుంటుంది. చాలాసార్లు అంటుకునేది దించుతున్నప్పుడు కాదు, మధ్యలో ఆపినప్పుడు, ఎందుకంటే వేడెక్కిన పైపు మీద తాడులోని ఒకే భాగం నిలబడిపోతుంది. మందంగా ఉన్న పైపు వాడి, ఆపకుండా నెమ్మదిగా దించాలి. అలా ఒకసారి మెరుగెక్కి గట్టిపడిన తాడును మళ్ళీ బరువులకు వాడకూడదు.

రేవులో పడవ తాడును బొలార్డుకు (గట్టు మీది పొట్టి స్తంభానికి) చుట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే కిందిది పైదాని కింద నలిగి, కావలసినప్పుడు వదులు కాదు. చుట్టుకూ బొలార్డుకూ మధ్య వేళ్ళు పెట్టకూడదు, పడవ ఒక్కసారి అలకు వెనక్కి జరిగితే తాడు బిగుసుకోవడానికి క్షణం చాలు. బిగిసిన నైలాన్ తాడు సాగి ఉంటుంది కాబట్టి తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. ఆ తాడు గీతకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

## సూత్రం తడబడే చోట్లు

రెండో చివర పూర్తిగా వదిలేస్తే సూత్రం ప్రకారం తాడు జారిపోవాలి. నిజానికి ఐదు చుట్లు వేస్తే ఆగుతుందే?

సూత్రం తాడుకు బరువు గానీ బిరుసు గానీ లేదనుకుంటుంది. వేలాడే చివరకు పావు కిలో బరువున్నా, ఐదు చుట్లకు అది 12,000 రెట్లకు పైగా పెరుగుతుంది, అదే పట్టి ఉంచుతుంది. బిరుసైన కొత్త తాడు తన వంపును తానే నిలుపుకోవడం కూడా కొంత తోడ్పడుతుంది. దీన్ని నమ్ముకుని చివర వదిలేయడం మాత్రం తగదు. ముడులన్నీ చేసేది చివరను మరో చుట్టు కింద నొక్కిపెట్టి ఆ చిన్న బలాన్ని ఖాయం చేయడమే.

సూత్రం 43 రెట్లు అంటోంది, నా స్ప్రింగ్ త్రాసులు ఐదు రెట్లే చూపిస్తున్నాయి. ప్రయోగం తప్పా?

తప్పు కాకపోవచ్చు. సూత్రం చెప్పేది జారబోయే క్షణంలోని హద్దు మాత్రమే. 43 రెట్ల హద్దు ఉన్నప్పుడు ఒక్కటి నుంచి 43 వరకు ఏ నిష్పత్తి వద్దనైనా తాడు కదలకుండా నిలబడగలదు, కిందటిసారి ఎటు లాగి వదిలారన్న దాన్ని బట్టి త్రాసు అంకె మారుతుంది. హద్దు కావాలంటే ఒక వైపు బలాన్ని నెమ్మదిగా పెంచుతూ, జారుడు మొదలైన చోటే చదవాలి. జారడం మొదలయ్యాక సాధారణంగా స్థైతిక ఘర్షణ (కదలక ముందు ఉండే ఘర్షణ) కన్నా తక్కువైన జారుడు ఘర్షణ వస్తుంది కాబట్టి అంకె మళ్ళీ పడిపోతుంది.

గీత కార్మికులు తాటిచెట్టు ఎక్కే మోకు కూడా ఈ సూత్రంతోనే పనిచేస్తుందా?

సూత్రం యథాతథంగా పనికిరాదు, దాని మూలం మాత్రం పనిచేస్తుంది. మోకు రెండు కొసలూ మనిషి నడుముకే చేరతాయి, రెండింటిలోనూ బలం దాదాపు సమానం. తాడు చెట్టు చుట్టూ జారాలని చూడదు, చెట్టు వెంట కిందికి జారాలని చూస్తుంది. అయినా వంపు తిరిగిన తాడు చెట్టును నొక్కడం మాత్రం అదే. అర చుట్టు తాడు చెట్టు మీద వేసే నొక్కుడు మొత్తం కలిపితే తాడులోని బలానికి 3.14 రెట్లు. మ్యూ 0.4 అయితే ఒక్క మోకే తనలోని బలానికి ఒకటింపావు రెట్ల దాకా కిందికి జారకుండా ఆపగలదు, దానికి పాదాల పట్టు అదనం.

అతను వెనక్కి వాలినంతసేపు మోకు బిగువుగా ఉండి పట్టు ఉంటుంది. పైకి జరపాలనుకున్నప్పుడు ఒంటిని చెట్టు వైపుకు తెస్తాడు, బిగువు పోతుంది, దాంతో నొక్కుడూ పోతుంది. ఆ అర క్షణంలో మోకును మూరెడు పైకి విసిరి, మళ్ళీ వెనక్కి వాలతాడు.